అన్నము మానిన ఒళ్ళు తగ్గునా?

తెలుగు నాట ఎవరైనను ఎదురుపడినచో "అన్నము తిన్నారా?" అని అడుగుట మర్యాద. భోజనమునకు, అన్నమునకు మన మాటలలో భేదము లేదు. అట్టి చోట "నేను అన్నము మానివేసితిని" అని చెప్పువారు ఇటీవల ప్రతి ఊరిలోను కనబడుచున్నారు. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దున, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మన పాతపట్నములోను ఇట్టివారు లేకపోలేదు. వీరిలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, దుకాణదారులు వంటి కూర్చొని పనిచేయువారే ఎక్కువ. మొదటి వారములోనే రెండు మూడు కిలోలు తగ్గితిమని కొందరు సంతోషింతురు. ఇది సరిక్రొత్త శాస్త్రమని కొందరును, వట్టి వ్యామోహమని మరికొందరును వాదింతురు. రెండు మాటలును నిజము కావు. పిండిపదార్థములను తగ్గించు ఆహారవిధానమునకు రెండు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రను ఒక్కసారి వెనుకకు తిరిగి చూచినచో, ఇందులో సత్యమెంతయో, ఎచ్చట ఆగవలెనో మనకే బోధపడును.

మూడు ఇంధనములు

మన ఆహారములో శక్తినిచ్చునవి ముఖ్యముగా మూడు: పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు. బియ్యము, గోధుమలు, చిరుధాన్యములు, దుంపలు, చక్కెర, బెల్లము, వీని యందు పిండిపదార్థములు హెచ్చు. ఒక గ్రాము పిండిపదార్థము గాని, మాంసకృత్తు గాని సుమారు 4 కేలరీల శక్తినిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీల నిచ్చును. తిన్న ఆహారములోని శక్తి, వెచ్చించిన శక్తికంటె మించినచో, మిగిలినది శరీరములో క్రొవ్వుగా నిలువ చేరును. స్థూలకాయమునకు మూలము ఇదే.

నూరు గ్రాముల తెల్లబియ్యములో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. కనుక మూడు పూటలకు కలిపి 450 గ్రాముల బియ్యము వండుకొని తిను మనిషికి అన్నము వలననే దాదాపు 350 గ్రాముల పిండిపదార్థము లభించును. నేటి వైద్యులు దినమునకు 130 గ్రాములకు లోబడిన పిండిపదార్థముగల ఆహారమును "తక్కువ పిండి ఆహారము" అందురు. 50 గ్రాములకు లోబడిన దానిని "అతి తక్కువ పిండి ఆహారము" అని వ్యవహరింతురు. ఈ అంకెలను గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవు కథ సులభముగా అర్థమగును.

చరకుని నుండి రోలో వరకు

లావు తగ్గుటకు ఆహారమును మార్చవలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానములోని 21వ అధ్యాయము అతిస్థూలుని గూర్చియు, అతికృశుని గూర్చియు చెప్పుచున్నది. జీర్ణమగుటకు బరువుగా ఉండి, శరీరమును పెంచని ఆహారమును స్థూలకాయునకు ఇయ్యవలెనని అందలి సూత్రము. యవలు, కొర్రలు, అరికెలు, పెసలు, ఉలవలు అందు పేర్కొనబడినవి. నేటి భాషలో చెప్పవలెనన్న, పీచు గలిగి, కడుపు నిండినట్లుండి, తక్కువ శక్తినిచ్చు ఆహారమన్నమాట.

పాశ్చాత్య వైద్యములో ఈ ఆలోచన మధుమేహ చికిత్సనుండి పుట్టినది. 1797లో జాన్ రోలో అను బ్రిటిషు సైనిక వైద్యుడు తన రోగుల అనుభవములను ప్రకటించెను. కూరగాయలు మాన్పించి మాంసము, క్రొవ్వు ఎక్కువగా పెట్టగా, రోగి మూత్రములో చక్కెర తగ్గుట ఆయన గమనించెను. చక్కెర ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎందుకు వచ్చుచున్నదో ఆనాడు ఎవరికిని తెలియదు. అయినను తిండికిని, మూత్రములోని చక్కెరకును సంబంధమున్నదని అప్పుడే తేలినది.

ఆ సంబంధమును ప్రయోగశాలలో వెలికితీసినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. కేవలము మాంసము తిను కుక్క కాలేయమునుండి వెలువడు రక్తములో కూడ చక్కెర ఉండుటను 1848లో ఆయన చూపెను. కాలేయమే చక్కెరను తయారుచేసి రక్తములోనికి వదలునని నిరూపించుట ఆ కాలమునకు విప్లవమే. కాలేయములో చక్కెర నిలువ ఉండు రూపమును 1857లో వేరుచేసి దానికి గ్లైకోజెన్ అని పేరుపెట్టెను.

ఒక శవపేటికల వ్యాపారి కథ

బెర్నార్డ్ సిద్ధాంతములను గూర్చి 1856లో పారిస్‌లో జరిగిన ఉపన్యాసములను విన్న వారిలో విలియం హార్వే అను లండను చెవివైద్యుడు ఒకడు. (రక్తప్రసరణమును కనుగొన్న హార్వే ఇతనికి రెండు శతాబ్దముల పూర్వుడు.) మధుమేహమునకు పనికివచ్చిన ఆహారము స్థూలకాయమునకు కూడ పనికిరాదా యని అతడు ఆలోచించెను.

1862లో అతని వద్దకు చెవుడు తగ్గించుకొనుటకై ఒక రోగి వచ్చెను. పేరు విలియం బాంటింగ్. వయస్సు 66 సంవత్సరములు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 202 పౌనులు, అనగా దాదాపు 92 కిలోలు. రాజకుటుంబీకుల అంత్యక్రియలను నిర్వహించు ప్రసిద్ధ సంస్థ ఆయనది. వంగి తన బూట్లు కట్టుకొనలేకపోయెను. మెట్లు దిగునప్పుడు మోకాళ్ళపై భారము పడకుండుటకు వెనుకకు తిరిగి దిగెడివాడు. పడవ నడిపి వ్యాయామము చేయగా ఆకలి పెరిగి బరువు ఇంకను హెచ్చెను.

హార్వే అతనిచేత రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాన్పించెను. మాంసము, చేపలు, ఆకుకూరలు, కొద్దిగా కాల్చిన రొట్టె, కొంత ద్రాక్షసారాయి, ఇదియే క్రొత్త భోజనము. సంవత్సరము తిరిగినప్పటికి బాంటింగ్ 46 పౌనులు, అనగా సుమారు 21 కిలోలు తగ్గెను. ఆనందముతో 1863లో ఒక చిన్న పుస్తకమును స్వయముగా అచ్చువేయించి ఉచితముగా పంచిపెట్టెను. అది ఎంతగా ప్రచారమైనదన్న, ఆయన పేరు "బరువు తగ్గుటకు పథ్యము చేయుట" అను అర్థములో క్రియాపదమైపోయినది. స్వీడిషు భాషలో నేటికిని ఆ క్రియ వాడుకలో ఉన్నది. బాంటింగ్ 1878 వరకు, 81 సంవత్సరముల వయస్సు వచ్చువరకు జీవించెను.

ఈ కథలో గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, బాంటింగ్ పిండిపదార్థములను పూర్తిగా మానలేదు. కాల్చిన రొట్టె అతని పళ్ళెములో ఉండెను. రెండవది, అతడు ఒక సంవత్సరము ఓపిక పట్టెను. వారమునకు ఒక పౌను కంటె తక్కువగానే బరువు తగ్గినది.

ఆహారము చేయలేని పని

ఆహారమును నియమించుటతో అన్ని రోగములును నయమగునను విశ్వాసము తరువాత ఒక విషాదమునకు దారితీసినది. 1910 ప్రాంతముల అమెరికాలో ఫ్రెడరిక్ ఎలెన్ అను వైద్యుడు మధుమేహ రోగులకు పిండిపదార్థములనే గాక, మొత్తము ఆహారమునే ఎంతో తగ్గించు చికిత్సను ప్రవేశపెట్టెను. పిల్లలు ఎముకలగూళ్ళై, కొన్ని నెలలో సంవత్సరములో అదనముగా బ్రతికెడివారు. అంతకు మించిన మార్గము ఆనాడు లేదు.

1921లో కెనడా దేశపు టొరంటో నగరములో ఫ్రెడరిక్ బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్ అను పరిశోధకులు క్లోమమునుండి ఇన్సులిన్‌ను తీసిరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి దానిని మొదటిసారి ఎక్కించిరి. మృత్యుముఖములో నున్న బాలురు తిరిగి కండపట్టసాగిరి. ఇన్సులిన్ బొత్తిగా తయారుకాని శరీరమునకు ఎట్టి పథ్యమును ఇన్సులిన్‌కు బదులు కాజాలదని ఆనాడే స్థిరపడినది. ఈ పాఠమును మనవారు కొందరు మరచిపోవుచున్నందువలననే దీనిని ఇచ్చట నొక్కి చెప్పవలసి వచ్చినది.

1921లోనే అమెరికాలోని మేయో వైద్యశాలలో రస్సెల్ వైల్డర్ అను వైద్యుడు మూర్ఛరోగులకు అతి తక్కువ పిండి, అధిక క్రొవ్వు గల ఆహారమును సూచించి దానికి "కీటోజెనిక్" అని పేరిడెను. మందులకు లొంగని మూర్ఛలు గల పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో నేటికిని దీనిని వాడుదురు. నేడు వీధివీధిన వినబడు "కీటో" అను మాట ఈ విధముగా పుట్టినది. అది మొదట పొట్ట తగ్గించుటకు ఉద్దేశింపబడినది కాదు.

శరీరములో జరుగునదేమి?

పిండిపదార్థములు జీర్ణమై గ్లూకోజుగా రక్తములో చేరగానే క్లోమము ఇన్సులిన్‌ను విడుదల చేయును. ఇన్సులిన్ గ్లూకోజును కణములలోనికి చేర్చి, మిగిలినదానిని కాలేయములోను కండరములలోను గ్లైకోజెన్‌గా నిలువచేయించును. అదే సమయమున నిలువ ఉన్న క్రొవ్వు కరగకుండ ఆపును. పిండిపదార్థములు తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గును. క్రొవ్వు కరుగుట మొదలగును. కాలేయము ఆ క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయును. దీర్ఘోపవాసములో మెదడు కూడ ఈ కీటోనులను ఇంధనముగా వాడుకొనగలదని 1967లో జార్జి కేహిల్, ఆయన సహచరులు అమెరికాలో నిరూపించిరి.

అన్నమునుండి వచ్చినను, నేతినుండి వచ్చినను, శక్తి చివరకు కణములో ఏ.టి.పి. అను పదార్థ రూపమునే ధరించి పనిచేయును. ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డులో కనుగొన్న ఇద్దరిలో ఒకరు మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పరిశోధన చేసెను. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరము వేరుగా దానిని కనుగొనెను. శరీరమునకు ఇంధనము ఏదను పట్టుదల లేదనియు, దానిని మార్చుకొను నేర్పు దానికి కలదనియు ఈ పరిశోధనలన్నియు చెప్పుచున్నవి.

మరి మొదటి వారములో మూడు కిలోలు ఎట్లు తగ్గినవి? చిన్న లెక్క వేసి చూడుడు. వయోజనుని కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ ఉండును. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టియుంచును. ఈ నిలువలో అధికభాగము ఖర్చయినచో, గ్లైకోజెన్, నీరు కలిసి రెండు కిలోల వరకు తూకము తగ్గును. ఇన్సులిన్ తగ్గుటవలన మూత్రపిండములు ఉప్పును, దానితో నీటిని మరికొంత వదలును. అనగా మొదటి వారపు విజయములో అధికభాగము నీరే. మరల అన్నము తిన్న రెండు మూడు రోజులలో అది తిరిగి వచ్చును. ఇది మోసము కాదు, రసాయనశాస్త్రము. కాని దీనిని క్రొవ్వు కరుగుటగా భ్రమించరాదు.

పరీక్షకు నిలిచినదెంత?

1972లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్ వ్రాసిన పుస్తకముతో ఈ విధానము మరల లోకమును చుట్టివచ్చినది. అమెరికా వైద్యసంఘము దానిని తీవ్రముగా విమర్శించెను. ముప్పది ఏండ్ల తరువాత గాని దానిని పద్ధతిగా పరీక్షించుట జరుగలేదు. 2003లో 63 మంది స్థూలకాయులపై జరిగిన పరీక్షలో తక్కువ పిండి ఆహారము తిన్నవారు ఆరు నెలలకు ఎక్కువ బరువు తగ్గిరి. సంవత్సరాంతమునకు మాత్రము రెండు పక్షములకును చెప్పుకోదగిన భేదము మిగులలేదు. 2008లో ఇజ్రాయెల్‌లో 322 మందిపై రెండేండ్లు జరిగిన పరీక్షలో తక్కువ పిండి వర్గమువారు సగటున 4.7 కిలోలు, తక్కువ క్రొవ్వు వర్గమువారు 2.9 కిలోలు తగ్గిరి. 2018లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిపై ఏడాది పాటు చేసిన పరీక్షలో తక్కువ క్రొవ్వు తిన్నవారు సగటున 5.3 కిలోలు, తక్కువ పిండి తిన్నవారు 6.0 కిలోలు తగ్గిరి. ఈ స్వల్పభేదము లెక్కకు నిలువదు.

ఈ పరీక్షలను కలిపి చూచినచో తేలునది ఇది: పిండి తగ్గించుటవలన బరువు తగ్గుట నిజము. కాని అది ఏకైక మార్గము కాదు. మాంసకృత్తులు, కూరలు హెచ్చుగా తినుటచే ఆకలి తగ్గి, మొత్తము తిండి తగ్గుటయే దీని బలములో పెద్దపాలు. ఏ పథ్యమును మనిషి సంవత్సరముల తరబడి పాటింపగలడో అదియే అతనికి మేలు.

మన కోస్తాలో బియ్యపు కథ

ఇంతవరకు చెప్పినది రొట్టె తినువారి చరిత్ర. అన్నము తిను మన తీరమునకు తన చరిత్ర తనకున్నది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తా జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెడిది. కాళ్ళు తిమ్మిరెక్కుట, వాచుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. పిండిపదార్థములను శక్తిగా మార్చుటకు థయమిన్ అను విటమిను అవసరము. అది బియ్యపు తవుడులో ఉన్నది. మరపట్టి తెల్లజేసిన పచ్చిబియ్యములో అది నశించును. దంపుడు బియ్యములోను, ఉప్పుడు బియ్యములోను చాలవరకు నిలుచును.

ఈ వ్యాధిని పరిశోధించుటకే 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో ఒక గదిలో చిన్న ప్రయోగశాలను ప్రారంభించెను. అది పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. నేడు భారతీయులు ఏమి తినవలెనో చెప్పు సంస్థ బియ్యము తెచ్చిన ఒక వ్యాధి పరిశోధననుండి పుట్టినదన్నమాట.

ఆ కాలమున మన ఏజన్సీ కొండలలో సవరలు, జాతాపులు పోడుభూములలో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు, ఉలవలు పండించెడివారు. పల్లములో కూడ పేదవాని ప్రొద్దుటి తిండి చోడి అంబలి. తెల్లని వరియన్నము పండుగ భోజనము. 1960 తరువాత అధిక దిగుబడి వంగడములు వచ్చినవి. మారుటేరు పరిశోధనా కేంద్రమునుండి 1982లో వచ్చిన స్వర్ణ వంటి రకములు మన పొలములలో స్థిరపడినవి. 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రారంభించెను. ఆకలి తీరుటకు ఇది ఎంతో మేలుచేసినది. దానిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. కాని దానితోబాటు చోళ్ళు, ఉలవలు కంచమునుండి తొలగి, మూడు పూటలకును తెల్లన్నమే నిలిచినది. అదే కాలములో నాగలి, రోకలి, కాలినడక తగ్గినవి. ఒకప్పుడు విటమిను లోపముతో బాధించిన తెల్లబియ్యము, ఇప్పుడు ఒంటిపని లేని శరీరములో మితిమీరి బాధించుచున్నది. బియ్యము మారలేదు, మన పని మారినది. భారతదేశములో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో ప్రకటించిన జాతీయ సర్వే తేల్చినది.

తెలుగునాట వచ్చిన కెరటము

ఇట్టి సమయములో, 2017, 2018 ప్రాంతములలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన ఆహారవిధానము తెలుగు రాష్ట్రములలో వేలాది ఇండ్లకు ప్రాకినది. అన్నము, చక్కెర మాని, కొబ్బరినూనె వంటి క్రొవ్వులను, నిమ్మరసమును, నీటిని హెచ్చుగా తీసికొనుట అందలి ముఖ్యాంశము. బరువు తగ్గితిమని, మధుమేహపు మాత్రలు మానితిమని చెప్పినవారు అనేకులు. పర్యవేక్షణ లేక మందులు మానుట ప్రమాదమని హెచ్చరించిన వైద్యులును అనేకులు. ఇందులో మూలసూత్రము 1863 నాటిదే యని పాఠకులు ఇప్పటికి గ్రహించియుందురు. ప్రశ్న సూత్రమును గూర్చి కాదు. ఎవరు, ఎంతకాలము, ఎవరి పర్యవేక్షణలో అనునదే ప్రశ్న.

మన జిల్లాలో ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రమైనది. పాతపట్నమునకు తూర్పున, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానము ఉన్నది. అచ్చట దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వేలమందిని పీడించుచున్నది. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. ఆ వ్యాధి చాలకాలము బయటికి కనబడదు. రక్తములో క్రియాటినిన్ పెరిగిన తరువాత గాని రోగికి తెలియదు. మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు యూరియా పుట్టును. దానిని వడగట్టవలసినవి మూత్రపిండములే. అవి దెబ్బతిన్నవారికి మాంసకృత్తులను పరిమితము చేయుడని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. అట్టివాడు తెలియక అన్నము మాని మాంసము, గ్రుడ్లు విపరీతముగా తినినచో, మేలునకు బదులు కీడు జరుగవచ్చును. ఉద్దానములో చుట్టములున్నవారు మన తరగతిగదులలో ఎందరో కలరు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలు విషయమును ఉపేక్షించుట తగదు.

ఇన్సులిన్ తీసికొనువారును, చక్కెర తగ్గించు మాత్రలు వాడువారును అన్నము హఠాత్తుగా మానినచో రక్తములో గ్లూకోజు ప్రమాదకరముగా పడిపోవచ్చును. 'గ్లిఫ్లోజిన్' జాతి మాత్రలు వాడువారికి రక్తములో కీటోనులు మితిమీరి ఆమ్లత్వము పెరుగు ప్రమాదము కలదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగుచున్న పిల్లలు ఈ పథ్యమునకు తమంతట పూనుకొనరాదు. విద్యార్థులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

కంచములో పాలు

మరి కూర్చొని పనిచేయుచు పొట్ట పెరిగినవాడు ఏమి చేయవలెను? అమెరికాలో 15,428 మంది ఆహారపుటలవాట్లను చాలకాలము పరిశీలించి 2018లో ప్రకటించిన ఒక అధ్యయనములో, శక్తిలో 50 నుండి 55 శాతము పిండిపదార్థములనుండి పొందినవారిలో మరణములు తక్కువగా కనబడినవి. మిక్కిలి తక్కువ తిన్నవారిలోను, మిక్కిలి ఎక్కువ తిన్నవారిలోను అవి హెచ్చు. ఇట్టి పరిశీలన కారణమును నిరూపింపజాలదు గాని, దారి చూపగలదు. మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో సుమారు 45 శాతమునకు మించరాదని చెప్పినది.

చిరుధాన్యముల విషయములో ఒక పొరపాటు ప్రచారములో ఉన్నది. చోళ్ళలో పిండి తక్కువని చాలమంది భావింతురు. నూరు గ్రాముల చోళ్ళలో 72 గ్రాముల పిండిపదార్థమున్నది. బియ్యముకంటె తేడా స్వల్పము. చోళ్ళ గొప్పతనము పీచులోను, 340 మిల్లీగ్రాములకు పైబడిన కాల్షియములోను ఉన్నది. ఒక చెంబెడు అంబలికి 30 గ్రాముల పిండి చాలును. అందు పిండిపదార్థము 22 గ్రాములు మించదు. అదే చోడిపిండిని సంకటిగా చేసి కడుపునిండ తినినచో లెక్క మారిపోవును. ధాన్యము పేరుకంటె పరిమాణమే ముఖ్యము. ఉలవలలోనైతే 57 గ్రాముల పిండితోబాటు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. చరకుడు ఉలవలను పేర్కొనుట వట్టిమాట కాదు.

కనుక మూడు పూటలలో ఒక పూట అన్నమును సగము చేసి, ఆ సగమునకు బదులు ఉలవచారో, పప్పో, ఆకుకూరయో, చేపయో చేర్చుట, చక్కెర పానీయములను మానుట, దినమునకు అరగంటయైనను నడచుట, ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. పొలములో దినమంతయు వంగి పనిచేయువానికి ఈ లెక్క వర్తించదు. అతనికి ఆ అన్నము ఇంధనము. ఉపాధ్యాయులు ఈ విషయమును బోధించునప్పుడు విద్యార్థులచేత వారి ఇంటి ఒకరోజు బియ్యమును తూచించి, ఒక్కొక్కరి పాలును గణింపజేసినచో, పాఠము కంఠస్థము కాక అనుభవమగును.

బాంటింగ్ కథలో ఆశ్చర్యపడవలసినది 21 కిలోలు తగ్గుట కాదు. తిండిని లెక్కపెట్టుకొని, వైద్యుని చెప్పినట్లు విని, తొందరపడక ఒక సంవత్సరము నిలుచుట. ఆయన కాల్చిన రొట్టెముక్కను తన పళ్ళెమునుండి వెలివేయలేదు. మనమును అన్నమును వెలివేయనక్కరలేదు. కంచములో దాని చోటు దానికిచ్చి, తక్కిన చోటును తక్కినవానికి విడిచిపెట్టినచో చాలును.